సముద్రంలో కలిసే కృష్ణ నీళ్లు వృథాయేనా?

ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తగానే మా విజయవాడలో ఒక మాట మొదలవుతుంది. ఇన్ని నీళ్లు వృథాగా సముద్రం పాలవుతున్నాయని. టీవీలో స్క్రోలింగ్ అదే, టీ కొట్టు దగ్గర అదే, బందరు రోడ్డులో ఆటో ఎక్కితే అదే. నేనూ చాలా ఏళ్లు ఆ మాటే అన్నాను. అనడంలో ఆశ్చర్యం కూడా లేదు. కాలువకు నీళ్లు పది రోజులు ఆలస్యమైతే నారుమళ్లు నెర్రెలిచ్చే ఊళ్లు మావి. అలాంటివాళ్ల కళ్లముందే లక్షల క్యూసెక్కులు వెళ్లిపోతుంటే కడుపు తరుక్కుపోతుంది.

కానీ ఆ నీళ్లు ఎక్కడికి పోతాయో, పోయి ఏం చేస్తాయో చూసినవాళ్లు మాలో తక్కువ. బ్యారేజీ దాటాక కృష్ణ ఇంకా దాదాపు 90 కిలోమీటర్లు నడుస్తుంది. అవనిగడ్డ దగ్గర పులిగడ్డలో రెండుగా చీలి దివిసీమను మధ్యలో పెట్టుకుంటుంది. ఒక పాయ హంసలదీవి వైపు వెళ్తుంది. రెండోది కిందికి పోయి నడిమేరు, గొల్లమట్టపాయ, అసలు కృష్ణ అని మళ్లీ విడిపోతుంది. ఈ పాయలు సముద్రాన్ని కలిసే మొగల చుట్టూ, నాగాయలంక, కోడూరు వైపు నుంచి అవతలి ఒడ్డున రేపల్లె వైపు దాకా, మడ అడవులు పరుచుకున్నాయి. అదే కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం. సుమారు 195 చదరపు కిలోమీటర్లు. పాత లెక్కలో కృష్ణా, గుంటూరు జిల్లాల ఉమ్మడి ఆస్తి. 2022లో జిల్లాలు విడిపోయాక రేపల్లె వైపు భాగం బాపట్ల జిల్లాలోకి వెళ్లింది.

నాగాయలంకలో పడవ ఎక్కి కాసేపు వెళ్లాక రెండు పక్కలా ఆకుపచ్చ గోడ కట్టినట్టు మడ చెట్లు మొదలయ్యాయి. పడవ నడిపే ఆయన ఒక కొమ్మను దగ్గరికి లాగి ఆకు తుంచి ఇచ్చాడు. "నాకి చూడండి" అన్నాడు. నాలుక మీద పెడితే ఉప్పు. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే ఆకు మీద సన్నని ఉప్పు పలుకులు మెరుస్తున్నాయి. అది తెల్లమడ. వేళ్లతో ఉప్పునీరు తాగి, ఒంట్లో మిగిలిన ఉప్పును ఆకుల్లోని గ్రంథుల ద్వారా బయటికి నెట్టేస్తుంది.

చెట్టు కింద బురదలో పెన్సిళ్లు నిలబెట్టినట్టు వందల కొద్దీ మొలలు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. మొలకలనుకున్నాను. అవి వేళ్లట. ఆ బురదలో గాలి ఉండదు కాబట్టి చెట్టు ఊపిరి కోసం వేళ్లను పైకి పంపుతుంది. పోటు వచ్చినప్పుడు మునుగుతాయి, పాటుకు తేలుతాయి. పక్కనే తిల్ల చెట్టు ఉంటే ఆయన చేయి పెట్టనివ్వలేదు. దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం.

మడ చెట్టు ఉప్పునీళ్లలో బతుకుతుంది కదా, దానికి కృష్ణ నీళ్లతో పనేమిటి? ఈ ప్రశ్న నాకు అక్కడే వచ్చింది. నిజానికి మడ ఉప్పును తట్టుకుంటుందే తప్ప ఉప్పును కోరుకోదు. ఉప్పును బయటికి పంపడానికి కూడా శక్తి ఖర్చవుతుంది. నీటిలో ఉప్పు పెరిగేకొద్దీ ఎదగడానికి మిగిలే శక్తి తగ్గిపోతుంది, చెట్టు గిడసబారుతుంది. ఉప్పు తక్కువున్న చోట్ల రకరకాల మడ జాతులు కలిసి పెరుగుతాయి. ఉప్పు మరీ ఎక్కువైతే తెల్లమడ లాంటి మొండి జాతులే మిగులుతాయి. అంతకు మించితే అవీ పోయి తెల్లగా చవుడు పేరిన నేల కనిపిస్తుంది. మొలకలు నిలదొక్కుకునేది కూడా వరద వచ్చి నీటిలో ఉప్పు విరిగిన రోజుల్లోనే. వరుసగా రెండు మూడేళ్లు మంచినీరు రాకపోతే పెద్ద చెట్లు పచ్చగానే ఉంటాయి, కింద పిల్ల చెట్లు ఉండవు. దూరం నుంచి చూసేవాళ్లకు అడవి బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది.

ఇక మొగ దగ్గర నీళ్లు కలిసే తీరు. నది నీరు తేలిక, సముద్రపు నీరు బరువు. లీటరు సముద్రపు నీటిలో 35 గ్రాముల దాకా ఉప్పు ఉంటుంది. అందుకే రెండూ ఎదురైనప్పుడు ఉప్పునీరు అడుగున దూరి నది లోపలికి పాకుతుంది, మంచినీరు దాని మీదుగా సముద్రంలోకి జారుతుంది. రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు వచ్చి ఈ రెండింటినీ కలగలుపుతాయి. నది బలంగా ఉంటే ఉప్పునీరు మొగ దగ్గరే ఆగుతుంది. నది నీరసిస్తే ఎన్నో కిలోమీటర్లు లోపలికి వస్తుంది. పోటు నీరు ఎక్కడిదాకా రావాలో ఒకవైపు సముద్రం చెబుతుంది, ఇంకోవైపు మన బ్యారేజీ గేట్లు చెబుతాయి.

నది తెచ్చేది నీళ్లొక్కటే కాదు, మట్టి కూడా. ఊళ్లలో ఇదివరకు వరద నీళ్లు బిందెలో పట్టి పటిక ముక్క తిప్పేవాళ్లు. కాసేపటికి మట్టి ఉండలుగా కట్టుకుని అడుగున చేరేది. మొగ దగ్గర పటిక పని ఉప్పు చేస్తుంది. నది నీటిలో విడివిడిగా తేలుతూ వచ్చిన సన్నని ఒండ్రు రేణువులు ఉప్పు తగలగానే ఒకదానికొకటి అంటుకుని బరువెక్కి దిగిపోతాయి. మడ చెట్ల వేళ్ల మధ్య నీటి వేగం తగ్గుతుంది కాబట్టి అక్కడ ఇంకా బాగా దిగుతాయి. మా డెల్టా అంతా వేల ఏళ్లుగా ఇలా పేరుకున్న మట్టే. విజయవాడకు దిగువన ఏ పొలంలో పార వేసినా ఆ ఒండ్రే తగులుతుంది.

ఆ మట్టి రాక ఇప్పుడు దాదాపు ఆగిపోయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు కృష్ణ, గోదావరి డెల్టాల మీద చేసిన అధ్యయనం ప్రకారం 1966–69 మధ్య కృష్ణ మోసుకొచ్చిన మట్టి ఏటా సుమారు 90 లక్షల టన్నులు. 2000–2005 నాటికి అది 4 లక్షల టన్నులకు పడిపోయింది. పైనున్న జలాశయాల్లో నీళ్లు నిలబడగానే మట్టి అక్కడే దిగిపోతుంది. నాగార్జునసాగర్, శ్రీశైలం పూడిపోతున్నాయని మనం బాధపడుతున్నాం. ఆ పూడిక మొగ దగ్గరికి చేరాల్సిన మట్టి. అది అందక తీరం కోతకు గురవుతోంది. ఏటా కొత్త మట్టి పడితేనే డెల్టా తన ఎత్తు నిలుపుకుంటుంది, లేకపోతే మెల్లగా కుంగుతుంది. పైపెచ్చు సముద్ర మట్టం పెరుగుతోంది.

మట్టి, ఇసుక ముచ్చట తాబేళ్ల దాకా వెళ్తుంది. జనవరి నుంచి వేసవి మొదటి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఈ తీరానికి వచ్చి ఇసుకలో గుంట తవ్వి ఒక్కోటి వంద దాకా గుడ్లు పెడతాయి. ఒడిశా తీరంలోలా లక్షలుగా రావు, విడివిడిగా వస్తాయి. గుడ్లు పిల్లలు కావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. గుడ్డులో ఉన్నది ఆడదా మగదా అనేది ఇసుక వేడిని బట్టి తేలుతుంది. ఇసుక వేడెక్కేకొద్దీ ఆడపిల్లలు ఎక్కువవుతాయి. నక్కలు, కుక్కలు తవ్వేయకుండా అటవీశాఖ వాళ్లు గుడ్లను సేకరించి కంచె వేసిన చోట పూడ్చి, పిల్లలు బయటికి వచ్చాక సముద్రంలో వదులుతారు. ఎంతో ఓపికతో చేసే పని అది. కానీ పెట్టడానికి ఇసుక తిన్నె ఉంటేనే తాబేలు వస్తుంది. ఆ తిన్నెలకు ఇసుక అందించింది నది.

అన్నిటికంటే ఎక్కువ చెప్పాల్సింది రొయ్య గురించి. మన ఇళ్లలో వండుకునే టైగర్ రొయ్య, తెల్ల రొయ్య సముద్రంలో గుడ్లు పెడతాయి. పిల్లలు కొన్ని వారాల్లో రెండు మూడు రూపాలు మారి, కంటికి సరిగా ఆననంత సన్నగా ఉన్నప్పుడే పోటు నీటితో పాటు మొగలోకి వస్తాయి. కారణాలు రెండు. పెద్ద చేపలు ఈ లోతులేని బురద నీళ్లలోకి అంత తేలిగ్గా రాలేవు, మడ వేళ్ల మధ్య దాక్కోవడానికి చోటు ఉంటుంది. రెండోది తిండి. మడ ఆకు రాలి బురదలో పడగానే పీతలు చీల్చి బొరియల్లోకి లాక్కుపోతాయి. మిగిలిన ముక్కల మీద సూక్ష్మజీవులు చేరతాయి. నది తెచ్చిన పోషకాలతో నీటిలో నాచు కణాలు పెరుగుతాయి. వాటిలో ఒక రకానికి గాజు లాంటి పెంకు ఉంటుంది. ఆ పెంకుకు కావలసిన సిలికా కొండల రాళ్లు అరిగి నదితో వస్తుంది. రొయ్య పిల్ల ఇవన్నీ తిని కొన్ని నెలల్లో వేలెడంత పెరిగి, తిరిగి సముద్రంలోకి వెళ్తుంది. అక్కడ వలలో పడి మార్కెట్టుకు వస్తుంది.

అంటే సముద్రంలో దొరికే రొయ్యకు పురిటిల్లు సముద్రమైతే, పెంపకం ఇల్లు మొగ. పండుగప్ప, మండపీతల కథా ఇంచుమించు ఇదే. మొగలో ఆ ఏడు పెంపకం ఎలా సాగిందో నిజాంపట్నం రేవులో దిగే బుట్టల్లో తర్వాత కనిపిస్తుంది. గేట్లు ఎత్తినప్పుడు పోయిన నీళ్లలో కొంత ఇలా రొయ్యగా, చేపగా మన దగ్గరికే తిరిగి వస్తోంది. టీఎంసీల (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు) లెక్కలో దానికి గడి లేదు, అంతే.

చేతులతో బురద బొరియల్లోంచి పీతను లాగే యానాది కుటుంబాలు ఈ మొగల దగ్గర ఉన్నాయి. నేను చూసిన ఒకామె మోచేతి దాకా బురదలో పెట్టి, మొహం పక్కకు తిప్పి, చెవితో విన్నట్టుగా వెతికింది. చేయి బయటికి వచ్చేసరికి గుప్పెట్లో మండపీత, రెండు డెక్కలూ నొక్కిపట్టి ఉన్నాయి. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. ఆ బొరియ నిండుగా ఉందా ఖాళీగా ఉందా అన్నది ఆమెకు బురద మీది గీతలే చెప్పాయట.

ఈ అడవికి పేరు తెచ్చిన జంతువు బావురు పిల్లి. ఇంటి పిల్లికి రెండింతలుండి, బూడిద రంగు ఒంటి మీద నల్ల మచ్చలుంటాయి. మామూలుగా పిల్లికి నీళ్లంటే పడవు. ఇది నీళ్లలో దూకి చేపను పట్టుకుంటుంది. ముందు కాళ్ల వేళ్ల మధ్య కొంత దూరం చర్మపు పొర ఉంటుంది, లోపలి బొచ్చు దట్టంగా ఉండి ఒంటికి తడి తగలనివ్వదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పెద్దపులితో సమానంగా మొదటి షెడ్యూల్లో ఉంది. రాత్రిపూట తిరుగుతుంది కాబట్టి నేను దాని అడుగులే చూశాను. పాటు తీసిన బురదలో, అప్పుడే వేసినంత స్పష్టంగా, నీటి అంచు దాకా వెళ్లి ఆగిన అడుగులు. నీటికుక్కలు, నక్కలు, శీతాకాలంలో ఉత్తర దేశాల నుంచి వచ్చే ఉల్లంకి పిట్టలు కూడా ఇదే బురద మీద ఆధారపడ్డాయి.

ఇంత విలువైన చోటు కాబట్టే అభయారణ్యం చేశారు, చట్టం ఉంది, గార్డులున్నారు, చెట్టు కొడితే కేసు. మరి ఇబ్బంది ఎక్కడ? నా మటుకు నాకు అసలు చిక్కు ఇక్కడే కనిపిస్తుంది. అభయారణ్యానికి గీసిన హద్దు గొడ్డలిని ఆపగలదు. కానీ ఈ అడవి ప్రాణం హద్దు లోపల లేదు. అది పైనుంచి వచ్చే నీటిలో ఉంది. ఆ నీటి మీద అటవీశాఖకు ఏ అధికారమూ లేదు.

రాష్ట్రాల మధ్య కృష్ణ నీటి పంపకం తేల్చి, 1976లో తుది రూపం తీసుకున్న బచావత్ ట్రైబ్యునల్ తీర్పు కృష్ణలో నమ్మకంగా వచ్చే నీరు 2,060 టీఎంసీలని లెక్కగట్టి మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 పంచింది. మూడూ కలిపితే సరిగ్గా 2,060. మొగకంటూ ఒక వాటా ఆ పంపకంలో లేదు. అప్పటికి ఎవరికీ ఆ ఆలోచన లేదు, వాళ్లను తప్పుపట్టలేం. పైగా ఆ రోజుల్లో పోను పోను చాలా నీరు సముద్రానికి చేరేది. గత శతాబ్దం మొదటి అరవై ఏళ్లలో ఏటా సగటున 57 ఘనపు కిలోమీటర్లు, అంటే దాదాపు 2,000 టీఎంసీలు, సముద్రంలో కలిసేవని అంచనా. 2001 నుంచి 2004 దాకా కరవు ఏళ్లలో దాదాపు ఏమీ చేరలేదు. నది ఉంది, మొగ ఉంది, మధ్యలో నీళ్లు లేవు.

ఇక్కడ ఒక సందేహం రావాలి. 2024 సెప్టెంబర్ 2న బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైంది. అలాంటి ప్రవాహం ఒక రోజు నిలబడితే 98 టీఎంసీల పైమాటే. బ్యారేజీ పట్టేది 3.07 టీఎంసీలు. ఆ రోజు సింగ్‌నగర్ వైపు బుడమేరు వాగు నీళ్లలో జనం మేడల మీద కూర్చుని ఉన్నారు. కృష్ణ వరద ఎంత తొందరగా సముద్రంలోకి పోతుందా అని ఊరంతా టెన్షన్‌తో ఎదురు చూసింది. ఆ వారం ఎవరూ వృథా అన్న మాట అనలేదు. అన్ని నీళ్లు ఒకేసారి వెళ్లాయి కదా, మొగకు అవి చాలవా?

కొంత మేలు జరుగుతుంది. పేరుకున్న ఉప్పు కడుక్కుపోతుంది, కొత్త మట్టి కొంత పడుతుంది. కానీ ఏడాది తిండి ఒక్క పూటలో పెడితే ఎవరికీ ఒంటబట్టదు. మొగకు కావాల్సింది ఆ నాలుగు రోజుల ఉధృతి కాదు, తర్వాత నెలల్లోనూ సన్నగా అయినా ఆగకుండా వచ్చే నీరు. నవంబర్ నుంచి జూన్ దాకా గేట్లు మూసి ఉన్నప్పుడు బ్యారేజీ కింద ఇసుక తిన్నెలే కనిపిస్తాయి. ఆ ఎనిమిది నెలలూ మొగలో సముద్రానికి ఎదురు చెప్పేవాళ్లు ఉండరు. వరద ఎంత పెద్దదన్న దానికన్నా వేసవిలో ఎంత వచ్చిందన్నదే ఈ అడవికి ముఖ్యం. మనం మాత్రం వరద నీళ్ల గురించే పోట్లాడుకుంటాం.

అలాగని మార్చిలో రైతు పొలం ఎండబెట్టి మొగకు నీళ్లు వదలమంటే నేను ఒప్పుకోను. దివిసీమ రైతు కాలువ చిట్టచివర ఉన్నాడు, ఆయనకే ముందు నీళ్లందవు. ఉప్పునీరు లోపలికి వస్తే మొదట పాడయ్యేది కూడా ఆయన బోరే. ఆ బాధ తీర్చడానికే బ్యారేజీకి దిగువన చోడవరం, బండికొల్లంక దగ్గర కొత్త బ్యారేజీలు కట్టాలని ప్రతిపాదనలు వచ్చాయి. వాటితో పైన భూగర్భ జలం మెరుగుపడే అవకాశం ఉంది. కానీ అడ్డుకట్ట సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ దాని కింద మిగిలే నదికి మంచినీరు ఇంకా తగ్గుతుంది. పైకి ఎక్కాల్సిన చేపకు దారి మూతపడుతుంది. కాబట్టి అలాంటి కట్టడానికి డిజైన్ వేసేటప్పుడే, ఏ నెలలో ఎంత నీరు కిందికి వదలాలో కాగితం మీద రాసి ఉండాలి. ఊరి కాలువకు వారబందీ, అంటే ఎవరికి ఎప్పుడు నీళ్లో చెప్పే వంతుల పట్టిక, రాసుకున్నట్టు మొగకూ ఒక వారబందీ రాయాలని నా కోరిక. పెద్ద మొత్తం అక్కర్లేదు, క్రమం కావాలి.

ఉప్పెన సంగతి చెప్పకుండా దివిసీమ గురించి రాయలేం. 1977 నవంబర్ 19న ఆరు మీటర్ల దాకా లేచిన సముద్రం ఊళ్ల మీద పడింది. అధికారిక లెక్కలోనే 10 వేల మంది దాకా పోయారు. మా ఇళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ ఆ తేదీ పలకడానికి గొంతు తగ్గిస్తారు. మడ అడవి అంత ఉప్పెనను ఆపేస్తుందని చెప్పడం తప్పు. అది చేసేది వేగం విరవడం. ఒత్తుగా అల్లుకున్న కాండాలు, వేళ్లు అల ఊపును తుంచుతాయి, నీరు కొంచెం ఆలస్యంగా, కొంచెం తక్కువ బలంతో వస్తుంది. పారిపోయేవాళ్లకు ఆ కొంచెమే ప్రాణం. అడవి ఎంత వెడల్పుగా ఉంటే అంత మేలు. అందుకే 1990ల నుంచి తీరం పొడవునా మడ నరికి రొయ్యల చెరువులు తవ్వినచోట పోయింది చెట్లు మాత్రమే కాదు.

పోయిన చోట మళ్లీ పెంచవచ్చు, పెంచారు కూడా. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్, అటవీశాఖ, మడను ఆనుకున్న ఊళ్లవాళ్లు కలిసి ఇక్కడ పనిచేశారు. పోటు నీరు వచ్చి వెళ్లే దారి మూసుకుపోవడం వల్లే నేల చవుడుబారి చెట్లు చస్తున్నాయని గుర్తించి, చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. మధ్యలో వెన్నెముకలా పెద్ద కాలువ, దానికి రెండు వైపులా ఏటవాలుగా పిల్ల కాలువలు. పోటుకు నీళ్లు లోపలికి వస్తాయి, పాటుకు పేరుకున్న ఉప్పును తీసుకుని వెళ్లిపోతాయి. ఆ కాలువల గట్ల మీద నాటిన మడ నిలబడింది. నేను వెళ్లిన చోట ఆ వరుసలు ఇప్పటికీ గుర్తుపట్టేంత తిన్నగా ఉన్నాయి, చెట్లు నా తలను దాటి పెరిగాయి.

తిరిగి వచ్చేటప్పుడు పడవాయన నీళ్లలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. రోజూ చేసే పనట. వానాకాలంలో ఎర్రనీరు ఎప్పుడు దిగిందో ఆ రుచిలోనే తెలుస్తుందట, వలలో ఏం పడబోతోందో దాన్ని బట్టే చెబుతాడట. మాది విజయవాడ అని చెప్తే నా నంబర్ తీసుకున్నాడు. జూలై రెండో వారంలో ఫోన్ వచ్చింది.

"గేట్లు ఎత్తారా అండీ?"

ఇంకా లేదని చెప్పాను. ఎత్తగానే ఒక మాట చెప్పమన్నాడు.